ఇంజిన్ చూపే +0.8 ఎక్కణ్నుంచి వచ్చింది: ఎత్తుల లెక్కనూ పొజిషన్ విలువనూ విడదీసి చదివే పద్ధతి

చెస్ పొజిషన్లను విశ్లేషించే స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రామ్‌ను, అంటే ఇంజిన్‌ను, ఆన్ చేయగానే బోర్డు పక్కన +0.8 అని వస్తుంది. తెలుపుది అంత పైచేయి అని. నాలుగెత్తుల్లో బంటు వస్తుందని దాని అర్థమా, గుర్రం మంచి గడిలో కూర్చుందని అర్థమా? అంకెను ఎంతసేపు చూసినా తెలియదు. తెలియకపోతే మాత్రం నష్టమే. టాక్టిక్స్ మీద, అంటే ఎత్తుకు ఎత్తు లెక్కపెట్టి పావు సంపాదించే దాడుల మీద, నిలబడ్డ +0.8 ఒక్క ఎత్తు తప్పితే ఎగిరిపోతుంది. పొజిషన్ మీద నిలబడ్డ +0.8 మూడు నాలుగు నింపాది ఎత్తులు వేసినా చాలావరకు అక్కడే ఉంటుంది. మొదటిదైతే కూర్చుని లెక్క పెట్టాలి, రెండోదైతే ప్లాన్ వెతకాలి.

ఇంజిన్ లోపల టాక్టిక్స్‌కు ఒక అర, పొజిషన్‌కు ఇంకో అర ఉండవు. అక్కడ జరిగేవి రెండే పనులు. ఎత్తుకు పైఎత్తు వేసుకుంటూ ముందుకు వెళ్లడం సెర్చ్. వెళ్లి ఆగిన చోట బోర్డును ఒక్కసారి చూసి విలువ కట్టడం ఇవాల్యుయేషన్. ఫోర్క్, పిన్, డిస్కవర్డ్ చెక్ లాంటి దాడుల పేర్లేవీ సెర్చ్‌కు తెలియవు. పావు పోతోందన్న సంగతి కొన్ని ఎత్తుల తర్వాత లెక్కలో కనిపిస్తుంది, అంతే. కాబట్టి ఏ అంకెనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది వెతికితే వచ్చిందా, చూస్తే వచ్చిందా?

సెర్చ్ ఎలా వెతుకుతుంది, ఎక్కడ కోస్తుంది

మిడిల్‌గేమ్‌లో ఒక పొజిషన్‌కు సగటున 35 దాకా చెల్లే ఎత్తులుంటాయి. ఒక పక్షం వేసే ఒక్క ఎత్తును ప్లై అంటారు. నాలుగు ప్లైల దూరం అన్నీ చూడాలంటే 35ను నాలుగుసార్లు హెచ్చించాలి, అంటే 15,00,625 పొజిషన్లు. ఇక్కడ ఆల్ఫా-బీటా అనే కోత పద్ధతి ఆదుకుంటుంది. నా ఎత్తుకు ప్రత్యర్థి దగ్గర ఒక్క గట్టి జవాబు ఉందని తేలిపోతే, మిగతా 34 జవాబులు చూడాల్సిన పని లేదు. ఆ ఎత్తును అక్కడితో వదిలేయొచ్చు. ప్రతిచోటా మంచి ఎత్తునే ముందు చూడగలిగితే ఆ 15 లక్షలు 2,449కి పడిపోతాయి, జవాబు మాత్రం మారదు. చెత్త ఎత్తులు ముందు చూస్తే లాభం దాదాపు ఉండదు.

అందుకే ఇంజిన్ రాసేవాళ్ల శ్రమలో పెద్ద వాటా ఎత్తులను వరుస పెట్టడానికే పోతుంది. ముందు, ఇంతకుముందు తక్కువ లోతులో బాగా తేలి హ్యాష్ టేబుల్‌లో, అంటే చూసిన పొజిషన్ల ఫలితాలు దాచే మెమరీలో, దాచుకున్న ఎత్తు. తర్వాత, లాభం తెచ్చే కొట్టే ఎత్తులు. ఆ వెనక మామూలు ఎత్తులు, ఇదే సెర్చ్‌లో ఇతర చోట్ల ఎన్నిసార్లు పనికొచ్చాయన్న లెక్కను బట్టి.

వరుసలో వెనకబడ్డ ఎత్తులను అసలు లోతు దాకా చూడరు. కొన్ని ప్లైలు తగ్గించి చూస్తారు, ఆశ్చర్యకరంగా బాగుంటేనే మళ్లీ పూర్తి లోతుకు వెళ్తారు. దీన్ని లేట్ మూవ్ రిడక్షన్ అంటారు. నల్ మూవ్ ఇంకో కోత: నా వంతు వదిలేసి ప్రత్యర్థికి వరసగా రెండెత్తులు ఇచ్చినా నేనే పైచేయిగా ఉంటే, ఈ కొమ్మను పూర్తిగా తవ్వాల్సిన అవసరం లేదు. జుగ్‌జ్వాంగ్‌లో, అంటే ఏ ఎత్తు వేసినా నష్టమే అయ్యే చోట, ఈ తర్కం తలకిందులవుతుంది. అందుకే వంతున్న పక్షానికి రాజు, బంట్లు మాత్రమే మిగిలినప్పుడు స్టాక్‌ఫిష్ నల్ మూవ్ వాడదు.

ఇవన్నీ కలిపి చూస్తే, తెర మీద డెప్త్ 30 అని కనిపించినంత మాత్రాన ప్రతి దారీ 30 ప్లైలు చూసిందని కాదు. కొన్ని కొమ్మలు పన్నెండు దగ్గర తెగిపోయి ఉంటాయి, చెక్‌లూ కొట్లాటలూ ఉన్న కొమ్మలు నలభై దాటి ఉంటాయి. రెండో అంకెగా కనిపించే సెల్‌డెప్త్ ఆ అతి పొడుగు కొమ్మదే.

సెర్చ్ ఎక్కడో ఒకచోట ఆగాలి. మంత్రి వెళ్లి కాపలా ఉన్న బంటును కొట్టిన క్షణాన ఆగితే ఒక బంటు లాభం కనిపిస్తుంది. తర్వాతి ఎత్తులో మంత్రి పోతుంది, అసలు లెక్క మైనస్ ఎనిమిది. అందుకే చివర క్వయిసెన్స్ సెర్చ్ నడుస్తుంది. కొట్టే ఎత్తులు, అవసరమైతే చెక్ తప్పించుకునే ఎత్తులు మాత్రమే చూస్తూ, బోర్డు సద్దుమణిగాకే విలువ కడుతుంది. ఏ గడి మీద ఎవరు ఎవరిని కొడితే చివరికి ఎవరికెంత మిగులుతుందో వేగంగా తేల్చే మార్పిడి లెక్క కూడా తోడుంటుంది. నష్టం తెచ్చే కొట్లాటలను చాలావరకు అదే ముందే పక్కన పెట్టేస్తుంది.

అయినా మిగిలే గుడ్డిచోటును హొరైజన్ ఎఫెక్ట్ అంటారు. దీన్ని కళ్లారా చూడాలంటే 1972 రేక్యవిక్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆట చాలు. 29వ ఎత్తు దగ్గర పొజిషన్ పెట్టండి. తెలుపు, స్పాస్కీ: రాజు డీ3, బిషప్ సీ1, బంట్లు ఏ3, బీ5, ఈ3, ఎఫ్2, జీ2, హెచ్2. నలుపు, ఫిషర్: రాజు ఎఫ్8, బిషప్ డీ6, బంట్లు ఏ7, బీ7, ఈ6, ఎఫ్6, జీ7, హెచ్7. ఆడాల్సింది నలుపు. ఫిషర్ బిషప్‌తో హెచ్2 బంటును కొట్టాడు. స్పాస్కీ జీ3 వేశాడు, బిషప్ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు ప్లైలు లెక్కపెట్టండి. బిషప్ కొట్టడం ఒకటి, జీ3 రెండు. తెల్లరాజు డీ3 నుంచి జీ2కు చేరడానికి మూడెత్తులు కావాలి, కొట్టడానికి ఇంకొకటి. నలుపు ఊరికే ఎత్తులు వేస్తూ పోయినా పదో ప్లైకి ముందు బిషప్ పోదు. ఆటలో నలుపు హెచ్ బంటును ముందుకు నడిపి జీ3 మీద కొట్లాట పెట్టడంతో అది పన్నెండో ప్లైకి జరిగింది, రెండు బంట్లకు ఒక బిషప్ పోయింది. ఆరు ప్లైలు మాత్రమే చూసే ప్రోగ్రామ్ దీన్ని నికరంగా ఒక బంటు లాభమనే చదువుతుంది. ఎనిమిది చూసినా అంతే, క్వయిసెన్స్ కూడా కాపాడదు, ఎందుకంటే అక్కడ ఇంకా కొట్టడానికేమీ ఉండదు. పైగా పదీ పదకొండు ప్లైల లోతులో ఉన్న ప్రోగ్రామ్‌కు, నష్టాన్ని కొంచెం వెనక్కి నెట్టే ప్రతి బంటు ఎత్తూ నష్టాన్ని మాయం చేసినట్టే కనిపిస్తుంది. ఈ రోగానికి ఫ్రూట్ లాంటి పాత ఇంజిన్లు ఇవాల్యుయేషన్‌లోనే మందు పెట్టుకున్నాయి. ఏ7, హెచ్7, ఏ2, హెచ్2 గడుల్లో చిక్కిన బిషప్‌కు నేరుగా జరిమానా వేశాయి. అంటే సెర్చ్‌కు అందని టాక్టిక్స్‌ను పొజిషన్ జ్ఞానంగా మార్చి రాసుకున్నారన్నమాట.

రెండో పరీక్ష 1998 లినారెస్‌లో టోపలోవ్, షిరోవ్ ఆట. తెలుపు: రాజు జీ1, బిషప్ సీ3, బంట్లు జీ2, హెచ్4. నలుపు: రాజు ఈ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఏ4, డీ5, ఎఫ్6, జీ6. 47వ ఎత్తు, నలుపు వంతు. షిరోవ్ బిషప్‌ను హెచ్3లో పెట్టాడు, జీ2 బంటు నోటికి అందేలా. బిషప్ ఎఫ్5 నుంచి తప్పుకోవాలి, తెల్లరాజుకు ఊపిరి ఇవ్వకూడదు, నల్లరాజు ఎఫ్5 మీదుగా ఈ4కు పోవాలి. ఆ ఒక్క ఎత్తుతో మూడూ జరుగుతాయి. టోపలోవ్ కొట్టాడు, రాజు డీ3 దాకా దూసుకొచ్చింది, 53వ ఎత్తుకు టోపలోవ్ చేతులెత్తేశాడు.

ఇంజిన్లను పరీక్షించడానికి ఈ పొజిషన్‌ను ఏళ్ల తరబడి వాడారు. అది ఎందుకు కష్టమో పై సంగతుల్లోనే ఉంది. కొట్టే ఎత్తు కాదు, చెక్ కాదు, మార్పిడి లెక్కలో నికర నష్టం. కాబట్టి వరుసలో చివర పడుతుంది, లోతు తగ్గుతుంది, తక్కువ లోతులో అయితే పూర్తిగా కోతకు గురవుతుంది. బిషప్ పోయాక ఏ, డీ బంట్ల బలం అంకెల్లోకి రావడానికి చాలా ప్లైలు పట్టాలి. మీ మెషీన్‌లో ఈ పొజిషన్ పెట్టి నాలుగు వరుసలు చూపించమనండి, బిషప్ హెచ్3 ఏ డెప్త్ దగ్గర పైకి వస్తుందో గమనించండి. కోతలు ఎలా పనిచేస్తాయో ఇంతకంటే బాగా చూపే ప్రయోగం లేదు.

చూడగానే కట్టే విలువ

1950లో క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రవేత్త రాసిన సూత్రంలో మంత్రి 9, రూక్ 5, బిషప్ 3, గుర్రం 3, బంటు 1. జోడు బంటు, వెనకబడ్డ బంటు, ఒంటరి బంటు ఒక్కోదానికి అర మార్కు కోత. వేయగల ఒక్కో ఎత్తుకు 0.1 కలుపు. తర్వాతి డెబ్భై ఏళ్లలో ఇదే పెరిగి పెద్దదైంది: రాజు చుట్టూ కాపలా, అడ్డులేని బంటు ఎంత ముందుకొచ్చింది, జంట బిషప్‌లు, తెరిచిన ఫైల్‌లో రూక్. ఒక్కో లక్షణానికి మనిషి రాసిన నియమం, యంత్రంతో సరిచేసిన బరువు. దానికి ఒక సుఖముండేది. ఏ లక్షణానికి ఎన్ని మార్కులు పడ్డాయో పట్టికలా చదువుకునేవాళ్లం.

2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12తో ఎన్ఎన్‌యూఈ అడుగుపెట్టింది. ఇది 2018లో యూ నాసు అనే ఆయన జపాన్ చదరంగమైన షోగీ కోసం చేసిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి. 2023లో పాత నియమాల కోడ్‌ను స్టాక్‌ఫిష్ నుంచి పూర్తిగా తీసేశారు. ఎన్ఎన్‌యూఈకి అందేది ఒక రకమైన సమాచారమే: రాజు ఈ గడిలో ఉండగా, ఫలానా పావు ఫలానా గడిలో ఉంది. మొదట వాడిన రూపంలో ఇలాంటి ఇన్‌పుట్లు 64 రాజు గడులు, 64 పావు గడులు, 10 పావు రకాలు కలిసి 40,960. ఒక ఎత్తు వేస్తే వీటిలో రెండు నాలుగు మాత్రమే మారతాయి కాబట్టి మొదటి పొరను మళ్లీ మొత్తం లెక్కించరు. కిరాణా కొట్టు ఖాతాలో ఇవాళ్టి పద్దు ఒక్కటీ కలిపి పాత మొత్తాన్ని సరిచేసినట్టు, మారినవాటినే కూడి తీసేస్తారు. రాజు కదిలితే మాత్రం ఆ పక్షం ఖాతా మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వస్తుంది. మామూలు ప్రాసెసర్ మీదే సెకనుకు లక్షల పొజిషన్లు చూడగలగడం ఈ కిటుకు వల్లే.

ఈ నెట్‌వర్క్ నేర్చుకున్నది పుస్తకాల్లోని సూత్రాల నుంచి కాదు, కోట్ల పొజిషన్లకు ఇంజిన్లు వెతికి ఇచ్చిన స్కోర్ల నుంచి, ఆటల ఫలితాల నుంచి. అంటే వెతికితే దొరికే టాక్టిక్స్ వాసన కొంత చూసే చూపులోకే ఇంకిపోయింది. ప్రమాదంలో ఉన్న రాజును ఎత్తులు లెక్కించకుండానే పసిగడుతుంది. టాక్టిక్స్, పొజిషన్ మధ్య గీత ఇప్పుడు మునుపటంత గట్టిగా లేదు. కింద చెప్పే పద్ధతిలో అరకొర ఫలితాలు వస్తే కారణం సాధారణంగా ఇదే.

+1.00 అంటే ఒక బంటు అని ఇంకా చాలామంది అనుకుంటారు. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి అది నిజం కాదు. ఇంజిన్ తనతో తానే ఎక్కువ టైమ్ కంట్రోల్‌లో ఆడితే గెలుపు అవకాశం 50 శాతం ఉన్న చోటును +1.00గా స్థిరపరిచారు. మిగతా 50లో చాలావరకు డ్రాలే. కోడ్ లోపల సెర్చ్ వాడుకునే పావుల విలువలు చూస్తే బంటు 208, గుర్రం 781, బిషప్ 825, రూక్ 1276, మంత్రి 2538. బంటుతో భాగిస్తే గుర్రం 3.75, బిషప్ 3.97, రూక్ 6.1, మంత్రి 12.2. చిన్నప్పుడు నేర్చుకున్న 3, 5, 9లకు ఇవి చాలా దూరం.

అంకె పెరిగేకొద్దీ దాని బరువు తగ్గుతుంది. లీచెస్ తన సైట్‌లో ఆడిన ఆటల నుంచి కట్టిన సూత్రం ప్రకారం గెలుపు అవకాశం +1కు 59 శాతం, +3కు 75, +5కు 86, +6కు 90. సున్నా నుంచి ఒకటికి తొమ్మిది శాతం మారితే, ఐదు నుంచి ఆరుకు నాలుగు కూడా మారదు. +6 నుంచి +5కు పడిపోయిన ఎత్తును పట్టుకుని బాధపడే ముందు ఇది గుర్తుంచుకోండి. ఇది మనుషుల ఆటల లెక్క, స్టాక్‌ఫిష్ చెప్పే 50 శాతం ఇంజిన్‌ల ఆటల లెక్క. రెండూ కలిపి చదవకూడదు.

విడదీసి చదివే పని

ముందు సెట్టింగులు. త్రెడ్స్ (ఇంజిన్ ఒకేసారి వాడే కోర్ల సంఖ్య) మీ ప్రాసెసర్ కోర్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ పెట్టండి. హ్యాష్ డిఫాల్టుగా 16 ఎంబీయే ఉంటుంది. అది సుదీర్ఘ విశ్లేషణకు బొత్తిగా చాలదు, నిండిపోయి పాత ఫలితాల మీద కొత్తవి పడుతుంటాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే 1024 ఇవ్వండి. మల్టీపీవీ, అంటే ఒకేసారి చూపే వరుసల సంఖ్య, 3 లేదా 4. సిజిజీ టేబుల్‌బేస్‌ల్లో (కొద్ది పావుల పొజిషన్లకు ముందే లెక్కగట్టిన జవాబుల ఫైళ్లు) ఐదు పావుల దాకా ఉన్నవి సుమారు ఒక జీబీ, దించుకుని దారి చూపించండి. ఆరు పావులవి 150 జీబీ దగ్గర ఉంటాయి, ఎండ్‌గేమ్ పిచ్చి లేకపోతే అక్కర్లేదు.

మొదట చూపు విలువ తీయండి. గ్రాఫిక్ తెర వద్దు, స్టాక్‌ఫిష్‌ను టెర్మినల్‌లో నేరుగా తెరవండి. పొజిషన్, ఫెన్ అనే రెండు మాటలు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, వెనకాల ఫెన్ వరుస (పొజిషన్ మొత్తాన్ని ఒకే లైన్‌లో రాసే రూపం) అంటించండి. తర్వాత ఇవాల్ అని కొట్టండి. వెతకకుండా, చూసి మాత్రమే ఇచ్చే విలువ వస్తుంది, ఎప్పుడూ తెలుపు వైపు నుంచి. రాజు చెక్‌లో ఉంటే ఏమీ ఇవ్వదు. బోర్డు బొమ్మలో ఒక్కో పావు కింద ఒక అంకె కనిపిస్తుంది. ఆ పావును తీసేస్తే మొత్తం విలువ ఎంత మారుతుందో అది. ఒక గుర్రం కింద 4.3, ఇంకో గుర్రం కింద 2.6 ఉంటే ఏది పనిచేస్తోందో, ఏది మూలన కూర్చుందో వెంటనే తెలుస్తుంది. ఇది మన కోసం వేసిన పట్టిక, ఆడేటప్పుడు ఇంజిన్ ఇలా పావులు తీసి చూడదు.

దాని కిందే ఎనిమిది వరుసల పట్టిక ఉంటుంది. బోర్డు మీద మిగిలిన పావుల సంఖ్యను బట్టి ఎనిమిదిలో ఒకటి పనిచేస్తుంది, దాని పక్కన బాణం గుర్తు ఉంటుంది. ఆ వరుసలో మెటీరియల్, పొజిషనల్ అని రెండు గళ్లు. పేర్లు చూసి మోసపోవద్దు. మెటీరియల్ అన్న గడిలో పావుల లెక్కతోపాటు అవి ఏ గడుల్లో ఉన్నాయన్నది కూడా కలిసే ఉంటుంది. పావులు సరిసమానంగా ఉన్నా అది సున్నా కానక్కర్లేదు. అయినా రెండింటి తేడా చూడటం మంచి అలవాటు. మెటీరియల్ మైనస్‌లో ఉండి పొజిషనల్ పెద్ద ప్లస్‌లో ఉంటే, పావు ఇచ్చి పట్టు సంపాదించిన పొజిషన్ మీ ముందుంది. 1953 జూరిక్‌లో రెషెవ్‌స్కీ మీద పెట్రోసియన్ రూక్‌ను ఈ6కు నడిపి ఇచ్చిన మార్పిడి బలి (చిన్న పావుకు బదులుగా రూక్‌ను ఇచ్చేయడం) తర్వాతి పొజిషన్లు దీనికి మంచి కసరత్తు.

తర్వాత లోతు పెంచుకుంటూ వెళ్లండి. డెప్త్ 1, 6, 12, 18, 24 దగ్గర అంకెలు కాగితం మీద రాసుకోండి. ఇక్కడ చాలామంది తప్పేది గుర్తు దగ్గర. టెర్మినల్‌లో సెర్చ్ ఇచ్చే స్కోరు వంతున్న పక్షం వైపు నుంచి ఉంటుంది, ఇవాల్ ఇచ్చేది తెలుపు వైపు నుంచి. నలుపు వంతైతే ఒకదాని గుర్తు తిప్పాలి. గ్రాఫిక్ ప్రోగ్రామ్‌లు చాలావరకు తామే తిప్పేసి చూపిస్తాయి, అందుకే రెండూ కలిపి వాడితే గందరగోళం.

చూపు విలువ +0.7, డెప్త్ 24 దగ్గర +0.8. మధ్యలో 0.2కు మించి కదల్లేదు. ఇది పొజిషన్ మీద నిలబడ్డ అంకె. చూపు విలువ +0.1 ఉండి, డెప్త్ 13 దగ్గర ఒక్కసారిగా +1.9 అయితే అది టాక్టిక్స్, ఆ 13 దాని పొడవుకు ఉజ్జాయింపు కొలత. మెల్లగా 0.3, 0.5, 0.8, 1.1 అని పాకుతూ ఉంటే ప్లాన్ పనిచేస్తోంది, అవతలివాళ్ల దగ్గర ఆపే మార్గం లేదు. ఎక్కి మళ్లీ దిగితే ఏదో బలి మొదట ఊరించి తర్వాత తేలిపోయింది. అలాంటి పొజిషన్‌ను కనీసం ఇంకో ఆరు డెప్త్‌లు నడపకుండా నమ్మకూడదు.

మల్టీపీవీ వరుసల మధ్య తేడా రెండో సాక్ష్యం. మొదటి ఎత్తు +1.6, రెండోది 0.0 అయితే ఒకే ఒక్క ఎత్తు మీద బండి నడుస్తోంది, అది టాక్టిక్సే. నాలుగు ఎత్తులూ 0.15 లోపల ఉంటే ఇంజిన్ మొదట చూపినదాన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. కాసేపు ఆగి చూస్తే వరుస మారిపోతుంది కూడా. ఒకటికంటే ఎక్కువ త్రెడ్స్ వాడితే అదే పొజిషన్‌కు రెండుసార్లు రెండు వరుసలు రావడం మామూలే. కచ్చితంగా ఒకే ఫలితం కావాలంటే ఒకే త్రెడ్, ఖాళీ చేసిన హ్యాష్, స్థిరమైన నోడ్ల (చూసే పొజిషన్ల) సంఖ్య పెట్టాలి. మల్టీపీవీ పెంచితే అదే సమయంలో చేరే లోతు తగ్గుతుంది. పోలిక అయిపోయాక ఒకటికి దించి మళ్లీ నడపండి.

ముప్పు పరీక్ష ఇంకా సులువు. లీచెస్ విశ్లేషణ బోర్డులో కీబోర్డు మీది ఎక్స్ నొక్కితే, వంతు తిప్పి అవతలి పక్షం ఏం చేయాలనుకుంటోందో చూపిస్తుంది. వేరే ప్రోగ్రామ్‌లో అయితే ఫెన్‌లో వంతు అక్షరాన్ని మార్చి, ఆన్‌పసాంట్ గడి ఉన్న చోట గీత పెట్టండి. రాజు చెక్‌లో ఉంటే ఈ పని చెల్లదు. వంతు తిప్పితే స్కోరు 0.3 మారితే పొజిషన్ నింపాదిగా ఉంది. మూడు నాలుగు మార్కులు మారితే ముప్పు నిజం. ఒట్టి రాజు, బంట్ల ఎండ్‌గేమ్‌లో మాత్రం ఈ పరీక్షను నమ్మొద్దు. అక్కడ వంతు ఉండటమే శాపం కావచ్చు.

చివరిగా ఇంజిన్ చూపే ప్రధాన వరుస చివరిదాకా నడిచి అక్కడి బోర్డు చూడండి, అంకె పుట్టింది అక్కడే. అక్కడ పావు ఎక్కువుంటే టాక్టిక్స్, పావులు సమానంగా ఉండి అంకె అలాగే ఉంటే పొజిషన్. ఆ వరుసలో చివరి ఎత్తులు నాసిరకంగా ఉంటాయి, వాటికి మిగిలిన లోతు తక్కువ. ఎనిమిది పది ప్లైలు నడిచి, ఆగి, ఇంజిన్‌ను అక్కణ్నుంచి మళ్లీ నడిపితే నిజం తెలుస్తుంది. ఫోన్‌లో రెండు సెకన్లు నడిచిన ఇంజిన్ ఇచ్చిన పొడుగు వరుసను ఇలా సరిచూడకుండా అప్పజెప్పడమే కుర్రాళ్ల ప్రిపరేషన్‌లో కనిపించే పెద్ద లోపం.

ఇంజిన్ నమ్మకంగా తప్పేచోట్లు

కోట కట్టిన పొజిషన్లు మొదటివి. ఒక పక్షానికి పావు ఎక్కువ, అయినా లోపలికి దూరే దారి లేదు. తెలుపుకు హెచ్ బంటూ, తెల్లగడుల బిషపూ ఉన్నాయి, నల్లరాజు హెచ్8లో కూర్చుంది. హెచ్8 నల్లగడి, బిషప్ దాన్ని ఎప్పటికీ అందుకోలేదు, ఆట డ్రా. పావుల లెక్క మాత్రం తెలుపుకు నాలుగు మార్కులు. ఇంత చిన్నది టేబుల్‌బేస్‌లో దొరికిపోతుంది. బంట్ల గొలుసులతో మూసుకుపోయిన పెద్ద బోర్డు దొరకదు. గుర్తుపట్టడానికి ప్రధాన వరుసను 20 ఎత్తులు నడపండి. స్కోరు +2.4 దగ్గరే ఉండి, వరుసలో కొట్టడం లేదు, బంటు కదలడం లేదు, పావులు అటూ ఇటూ తిరుగుతున్నాయంటే అది కోట. యాభై ఎత్తుల నియమం దగ్గరపడేకొద్దీ స్కోరు సున్నా వైపు జారడం కూడా చూస్తారు. విరుద్ధ రంగు బిషప్‌ల ఎండ్‌గేమ్‌లో +1.5 కనిపిస్తే ఈ పరీక్ష తప్పనిసరి.

పొజిషన్ మీద అనుమానం మిగిలితే లీలాను అడగండి. 2017లో వచ్చిన ఆల్ఫాజీరో అనే న్యూరల్ నెట్‌వర్క్ ప్రోగ్రామ్ బాటలో 2018లో మొదలైన ఉచిత ఇంజిన్ ఇది. ఆల్ఫాజీరో సెకనుకు 80 వేల పొజిషన్లు చూస్తే, అప్పట్లో దానితో ఆడిన స్టాక్‌ఫిష్ 7 కోట్లు చూసింది. తక్కువ చూసి గెలవడానికి కారణం, ప్రతి పొజిషన్‌లో ఏ ఎత్తు పనికొస్తుందో నెట్‌వర్క్ ముందే శాతాల్లో చెప్పడం. సెర్చ్ ఎక్కువగా ఆ శాతాలు ఉన్నచోటే తవ్వుతుంది. బలహీనత కూడా అదే. లినారెస్ బిషప్ లాంటి వింత ఎత్తుకు నెట్‌వర్క్ అర శాతం ఇస్తే, దాన్ని తవ్వడానికి చాలా నోడ్లు ఖర్చవ్వాలి. లీలా చూపే డెప్త్‌ను స్టాక్‌ఫిష్ డెప్త్‌తో పోల్చకండి, కొలతలే వేరు. నోడ్లు చూడండి, గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో చిన్న నెట్‌వర్క్ వాడండి.

రెండూ 0.3 లోపల ఏకీభవిస్తే ఆ అంకెతో పని జరుపుకోవచ్చు. స్టాక్‌ఫిష్ +1.5 అని, లీలా +0.3 అంటే ముందు టాక్టిక్స్ వైపు చూడండి: స్టాక్‌ఫిష్ వరుసను లీలాలో ఎత్తు ఎత్తుగా ఆడించండి, లీలా స్కోరు ఎక్కడ ఎగురుతుందో అది చూడని ఎత్తు అక్కడుంది. చివరిదాకా నడిపినా ఎగరకపోతే కోట పరీక్షకు వెళ్లండి.